ఇద్దరుంటేనే ఆట

పిల్లల పోరు పడలేక ప్లేస్టేషన్ 5 కొన్న ఇళ్ళలో ఆ తర్వాత మొదలయ్యే పేచీ ఒకటుంది: ఏ ఆట తేవాలి? అట్టమీద బొమ్మ చూసి తెచ్చేవాళ్ళే ఎక్కువ. తీరా తెచ్చాక ఒకరు ఆడుతుంటే మిగతావాళ్ళు వెనక కూర్చుని ఆవలించాల్సిందే.

స్వీడన్‌కు చెందిన హేజ్‌లైట్ సంస్థ 2021లో తెచ్చిన ‘ఇట్ టేక్స్ టూ’ అలాంటిది కాదు. ఒంటరిగా ఆడదామన్నా కుదరదు. విడాకులకు సిద్ధపడ్డ మే, కోడీ దంపతులు కూతురు రోజ్ కన్నీళ్ళు పడి బొమ్మలైపోతారు. ఒకచోట ఆవిడకు సుత్తి, ఆయనకు మేకులు దొరుకుతాయి. ఆయన మేకు దిగేస్తే దానికి సుత్తి తగిలించి ఆవిడ ఊగుతూ దాటాలి. కాపురం సంగతి ఉపన్యాసాలతో కాక చేతులకే నేర్పటం ఈ ఆట గొప్పతనం.

అయితే ఒక ఘట్టం దగ్గర మనసు విరిగిపోతుంది. కూతురు ఏడిస్తే తమకు మళ్ళీ మనుషుల రూపం వస్తుందని, ఆ పిల్ల ప్రాణంగా చూసుకునే ఏనుగుబొమ్మను వీళ్ళు ఈడ్చుకెళ్ళి కిందకు తోసేస్తారు. అది బతిమాలుతూనే ఉంటుంది. మీటలు నొక్కేవి మన వేళ్ళే! ఇంత పనికి తగ్గ పశ్చాత్తాపం తర్వాత కథలో కనిపించదు. పెద్దల రాజీకి పిల్లల ఏడుపా ఖరీదు?

అందుకే ఈ ఆట కొనిచ్చి ఊరుకోకండి. రెండో కంట్రోలర్ మీరే పట్టుకోండి. ఆ ఏనుగు దగ్గర పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మనమేగా మరి!