దాణా సరే, నీళ్ల సంగతేంది?

గుడ్డు పెంకు పల్చబడిందంటే మన లేయర్ ఫారాల్లో అందరి చూపూ ముందు దాణా మీదికే పోతుంది. రాతిపొడి పెంచుతారు, విటమిన్ డబ్బా మారుస్తారు, డాక్టరుకు ఫోన్ కొడతారు. నీళ్ల జోలికి వచ్చేది ఆఖర్న. కోడి తిన్న దాణాకు దాదాపు రెండింతలు నీళ్లు తాగుతుంది. మామూలు రోజుల్లో పావు లీటరు చాలు. కర్నూలు ఎండ నలభై దాటితే రెట్టింపు కావాలి. కోడికి చెమట పట్టదు, రొప్పి రొప్పి ఒళ్లు చల్లబరుచుకోవాల్సిందే. గుడ్డులో ముప్పావు వంతు కూడా నీళ్లే.

బేతంచెర్ల వైపు ఒక షెడ్డులో కోళ్లు నీళ్లు తాగే నిప్పల్ విప్పి అరచేతిలో తట్టి చూశాను. తెల్లటి సున్నపు పొర పెచ్చులుగా రాలింది. "మా బోరు నీళ్లల్లో సున్నం బాగుండాది సార్, పెంకుకు మంచిదే గదా?" అన్నాడు రైతు.

న్యాయమైన ప్రశ్నే. బెలుం గుహలు ఏర్పడింది సున్నపురాయిలోనే, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలను సాకుతున్నదీ ఆ రాయే. మన బోర్లలో దిగేదీ దాని మీదుగా వచ్చిన నీళ్లే. అయితే లెక్క వేసి చూడండి. బాగా గడుసు నీళ్లలో కూడా లీటరుకు కాల్షియం 200 మిల్లీగ్రాములు ఉంటే ఎక్కువ. పావు లీటరు తాగిన కోడికి అందేది 50 మిల్లీగ్రాములు. దానికి రోజుకు కావలసింది నాలుగు గ్రాములు! ఆ సున్నం పెంకుకు చేరేది నామమాత్రం, నిప్పల్‌లో పేరుకునేదే ఎక్కువ. నిప్పల్ మూసుకుపోతే ఆ గూటి కోళ్లు దాణా ముట్టవు, గుడ్డు ఆగుతుంది. కారితే కింద పెంట తడిసి ఈగలు ముసురుతాయి.

అసలు పెంకును దెబ్బతీసేది ఉప్పు. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1980లలో కోళ్లకు ఉప్పు కలిపిన నీళ్లు తాపి చూశారు. మనిషి నాలుకకు పెద్దగా తెలియని మోతాదులోనే పగుళ్ల గుడ్లు, పల్చటి పెంకులు పెరిగాయి. పెంకు అల్లే గ్రంథికి బైకార్బొనేట్ సరిగా అందకపోవడమే కారణమని తేల్చారు. వేసవిలో బోరు అడుగంటేకొద్దీ చాలాచోట్ల నీళ్లు ఉప్పెక్కుతాయి. పెంకు ఫిర్యాదులు కూడా అప్పుడే ఎక్కువ వస్తాయి. ఎండను తిట్టుకుని ఊరుకుంటాం.

ఇక బ్లీచింగ్ పౌడర్. ట్యాంకులో గుప్పెడు చల్లితే పని అయిపోయిందనుకుంటారు. పీహెచ్ ఎనిమిది దాటిన నీళ్లలో క్లోరిన్ సత్తా చాలా మటుకు పోతుంది. మన సున్నపు నీళ్లు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. పైగా ట్యాంకులో నీళ్లు శుభ్రంగా ఉన్నా, పైపు లోపలి జిగురులో ఈ-కోలై కాపురం పెట్టి ఉంటుంది. నీళ్లలో టీకా వేసే రోజు మాత్రం క్లోరిన్ ఉండకూడదు. బతికున్న టీకా చచ్చిపోతుంది. ఆ జాగ్రత్త పాటించేవాళ్లు నాకు తక్కువే కనిపించారు.

మధ్యాహ్నం మూడింటికి రేకుల షెడ్డులో పైపు చివర నీళ్లు చేత్తో పట్టి చూడండి. కాలుతుంటాయి, కోడి ముక్కు పెట్టదు. లైను విప్పి వేడి నీళ్లు వదిలేయడానికి ఖర్చేమీ లేదు.

ఈ వేసవి ముదరకముందే ఒక పని చేయండి. నీళ్ల శాంపిల్ బోరు దగ్గర ఒకటి, షెడ్డు చివరి నిప్పల్ దగ్గర ఇంకొకటి పట్టించండి. ఉప్పు, గడుసుదనం, పీహెచ్, క్రిములు నాలుగూ చూపించండి. కొత్త మందు డబ్బా సంగతి ఆ కాగితం చేతికొచ్చాక ఆలోచించవచ్చు.