ప్రచోదనమా, క్షణికావేశమా?

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా, సాహిత్య సభల్లో 'రచయిత ఆవేశంతో రాశాడు' అన్నది మెప్పుగా చెలామణీ అవుతోంది. ఆ ఆవేశం ఎక్కడిది, ఎంతకాలంగా కూడుకున్నది అని అడిగేవారు తక్కువ. ఇంగ్లీషులోని 'ఇంపల్స్' అనే మాటకు మనకు ముఖ్యంగా రెండు మాటలున్నాయి. పత్రికల్లో అది క్షణికావేశం. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ప్రచోదనం. గాయత్రిలోని 'ప్రచోదయాత్'కు ఇది దగ్గరి చుట్టమే.

సాహిత్య విమర్శకు ఈ రెండో మాటే పనికొస్తుందని నా అభిప్రాయం. బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేది ప్రచోదనం. బంతి పట్టే ఆటగాడు చేతులు వెనక్కి లాగుతాడు. కాలం పెరిగినందువల్ల దెబ్బ తగ్గుతుంది. అంటే పెద్ద బలం లిప్తపాటులో తెచ్చే మార్పును చిన్న బలం చాలాకాలం పనిచేసి తేగలదు. 'క్షణికావేశం'లో మాయమయ్యేది సరిగ్గా ఈ కాలమే. నాడీకణం కూడా ప్రేరణ ఒక స్థాయికి చేరితేగాని స్పందించదు. చివరకు న్యాయశాస్త్రం సైతం క్షణం దగ్గర ఆగలేదు. ఆకస్మికంగా రెచ్చగొట్టడాన్ని పరిశీలించేటప్పుడు హతుడి పూర్వ ప్రవర్తన ముద్దాయి మనసులో కల్పించిన నేపథ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చునని, అయితే ఆవేశం చల్లారే వ్యవధి దొరికిందా అన్నది చూడాలని 1961లో నానావతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకున్న ఈ ఓపిక కథకుడికి లేకపోతే ఎలా?

మన కొల్లేరునే తీసుకుందాం. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను యంత్రాలతోను, పేలుడు పదార్థాలతోను తెగగొట్టారు. తెగిన గట్టు, గట్టున ఏడ్చే మనిషి, కథ సిద్ధం! కాని ఆ గట్లు ఒక్కరోజులో లేచినవి కావు. 1970లలో సహకార సంఘాల పేర మత్స్యకారులకు ఇచ్చిన చెరువులు క్రమంగా లీజుల దారిన పెట్టుబడి గలవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. 1999లో సరస్సు అభయారణ్యమైంది. చెరువు తన పేర ఉండి, చేప ఇంకొకడిదై, చివరకు ఆక్రమణదారు అన్న నింద మాత్రం తన వంతుగా మిగిలిన మనిషి మీద ఆ ఒత్తిడి మూడు దశాబ్దాలు పనిచేసింది. పేలుడు చప్పుడుకు ఉలిక్కిపడి రాసిన కథలో ఈ మనిషి కనబడడు. పోలీసు కనబడతాడు, ప్రభుత్వం కనబడుతుంది, లీజుదారు తప్పించుకుంటాడు. ఇది శిల్పలోపం మాత్రమే కాదు, రాజకీయ లోపం కూడా.

అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల బలం ఇక్కడే ఉంది. చెరువులకు ముందటి ఊరిని, నీటిని, మనుషుల్ని అది తీరికగా చూపిస్తుంది. అందువల్ల పోయినదేమిటో పాఠకుడికి తెలుస్తుంది.

కాలం కావాలన్నానని ప్రతివారూ నవలలకు దిగనక్కరలేదు (దిగుతారేమోనన్న భయమూ లేకపోలేదు). లీజు కాగితం మీద వేలిముద్ర వేసివచ్చిన రాత్రి ఆ ఇంట్లో జరిగిన మాటలు రెండు పేజీల్లో రాయవచ్చు. గట్టు తెగడం ఆ కథలో రాకపోయినా ఫరవాలేదు.