కంజి కార్డు: ఎప్పుడు అడగాలన్న లెక్క, ఏమి అడగాలన్న ప్రశ్న

జపాను లిపిలోని కంజి అక్షరాలను కంఠస్థం చేయడానికి అభ్యాసకులు విరివిగా వాడే సాధనాల్లో ‘అంకి’ ఒకటి. జపాను భాషలో ఆ మాటకు అర్థమే కంఠస్థం చేయడం. డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేసిన ఈ ఫ్లాష్‌కార్డు సాఫ్ట్‌వేర్‌కు 2023లో 23.10 వెర్షన్ వచ్చింది. ఒక కార్డును మళ్లీ ఏ రోజున చూపాలో నిర్ణయించే కొత్త సూత్రం, ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్, అందులో ఐచ్ఛికంగా చేరింది. అంతకుముందు వరకు అంకి ఆధారపడినది 1987 నాటి ఎస్‌ఎం-2 సూత్రం మీద. పాత సూత్రం అభ్యాసకులందరికీ ఒకే కొలబద్ద. కొత్త సూత్రం ప్రతి అభ్యాసకుని పూర్వాభ్యాస చరిత్రను చదివి, అతని మరపు తీరును అంచనా వేస్తుంది. కార్డు కాఠిన్యం, జ్ఞాపకపు స్థిరత్వం, ఈ క్షణాన గుర్తుకు వచ్చే సంభావ్యత అనే మూడు రాశులు దానికి ఆధారం. గుర్తుండే అవకాశం 90 శాతానికి తగ్గడానికి పట్టే కాలమే స్థిరత్వానికి కొలత. ఎంత శాతం గుర్తుండాలో అభ్యాసకుడే నిర్ణయించుకోవచ్చు.

ఈ మార్పుకు వచ్చిన ప్రశంస అనర్హమైనది కాదు. పాత పద్ధతిలో ప్రతి కార్డుకూ 250 శాతం అనే ‘సౌలభ్యాంకం’ ఉండేది. మరచిన ప్రతిసారీ అది 20 పాయింట్లు తగ్గేది. సరిగా చెప్పి ‘గుడ్’ అనే మీట నొక్కినా పెరిగేది కాదు. అలా దిగజారిన కార్డు బాగా వచ్చిన తరువాత కూడా అనవసరంగా మాటిమాటికీ ఎదురయ్యేది. వాడుకరులు ఈ స్థితిని ‘ఈజ్ హెల్’ అని పిలుచుకున్నారు. వేలకొద్దీ కార్డులున్న కంజి అభ్యాసకునికి అది నిజంగానే నరకం. కొత్త సూత్రం ఆ బాధను చాలావరకు తీర్చింది. అయితే అది తీర్చినది ‘ఎప్పుడు అడగాలి’ అన్న సమస్యను. ‘ఏమి అడగాలి’ అన్న ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది. కంజి విషయంలో ఈ రెండవ ప్రశ్నే ముఖ్యమైనది.

అర్థరహిత అక్షరాల వారసత్వం

వ్యవధులిచ్చి పునశ్చరణ చేయించే యాప్‌లన్నింటి వెనుకా హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన జ్ఞాపక పరిశోధన ఉంది. ఆయన తనను తానే పరీక్షించుకున్నాడు. పూర్వ పరిచయం, అర్థం, సాహచర్యం ఏవీ అడ్డురాకుండా రెండు హల్లుల నడుమ ఒక అచ్చు ఉన్న సుమారు 2300 అర్థరహిత అక్షరసమూహాలను కూర్చుకుని వల్లె వేశాడు. మరపును మాత్రమే కొలవదలచిన ప్రయోగానికి ఆ ఎంపిక సరైనదే. తరువాత 1972లో సెబాస్టియన్ లైట్నర్ కార్డులను గదులున్న పెట్టెలో పేర్చే పద్ధతిని ప్రచారం చేశాడు. అటుపై పీటర్ వోజ్నియాక్ పునశ్చరణ వ్యవధుల నిర్ణయాన్ని కంప్యూటరు లెక్కగా మార్చాడు. ఈ పరంపరలో లెక్క క్రమంగా సూక్ష్మమవుతూ వచ్చింది. ప్రతి అంశమూ ఇతర అంశాలతో సంబంధం లేని ఒంటరి అంశమనే భావన మాత్రం ఎబ్బింగ్‌హౌస్ ప్రయోగశాల నుండి నేటి ఫోను తెర వరకు మారకుండా చేరింది. కొత్త సూత్రం కూడా ఒక కార్డు మరపును అంచనా వేసేటప్పుడు ఆ కార్డు చరిత్రనే చూస్తుంది. దానిని పోలిన మరో కార్డుకు ఏమైందో చూడదు.

భాషలోని అక్షరం అర్థరహిత సమూహం కాదు. కంజి అయితే మరీను.

ఒక ఆకృతి, అనేక ఉచ్చారణలు

నీటిని సూచించే నాలుగు గీతల కంజి విడిగా ఉన్నప్పుడు ‘మిజు’. అదే అక్షరం కుళాయి నీటి సరఫరాకు వాడే ‘సుయిదో’ అనే మాటలోనూ, బుధవారానికి పేరైన ‘సుయియోబి’లోనూ ‘సుయి’. మొదటిది దేశ్యమైన జపాను మాట, రెండవది చైనా నుండి అక్షరంతోపాటు వచ్చిన ఉచ్చారణ. తెలుగు పాఠకునికి ఈ విభజన కొత్తది కాదు. ‘నీరు’ దేశ్యం, ‘జలాశయం’లోని ‘జలం’ తత్సమం. తెలుగు ఈ రెంటినీ వేరువేరుగా రాస్తుంది. జపాను భాష రెంటికీ ఒకే ఆకృతిని వాడి, ఏది పలకాలో పక్కనున్న అక్షరాన్ని చూసి తేల్చుకోమంటుంది. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది అంకె. ‘100’ను ఒకచోట ‘వంద’ అని, మరొకచోట ‘నూరు’ అని చదువుతారు. ‘10వ తరగతి’ అని రాసి ఉంటే కొందరు ‘పదో తరగతి’ అంటారు, కొందరు ‘టెన్త్’ అంటారు. ఆ అంకెను ఒక కార్డు మీద ఒంటరిగా రాసి ‘దీని ఉచ్చారణ ఏమిటి’ అని అడిగితే ప్రశ్నే అసంపూర్ణమవుతుంది.

దినాన్ని, సూర్యుణ్ణి సూచించే అక్షరం ఇంకా చిత్రమైనది. ఆదివారమనే అర్థమున్న ‘నిచియోబి’లో ఆ అక్షరం రెండుసార్లు వస్తుంది. మొదట ‘నిచి’, చివర ‘బి’. మూడవ తేదీ అనే అర్థంలో ‘మిక్క’ అన్నప్పుడు అది ‘క’. ‘ఈ రోజు’ అనే అర్థంలో రెండు అక్షరాలు కలిసి ‘క్యో’ అవుతాయి. అందులో ఏ అక్షరానికి ఎంత ధ్వని అని పంచి చెప్పడం సాధ్యం కాదు. అక్కడ ఉచ్చారణ మాటకు చెందుతుంది గాని అక్షరానికి కాదు.

ఇప్పుడు కార్డు దగ్గరకు రావాలి. జీవాన్ని సూచించే ఐదు గీతల అక్షరం తెర మీద కనిపించింది. విద్యార్థి అనే అర్థమున్న ‘గకుసే’లోని ‘సే’ అభ్యాసకునికి గుర్తుకు వచ్చింది. పచ్చి అనే అర్థమిచ్చే ‘నమ’ కూడా వచ్చింది. జీవితకాలమనే ‘ఇష్షో’లోని ‘షో’ రాలేదు. అతడు ఏ మీట నొక్కాలి? అంకిలో ‘ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ’ అని నాలుగు మీటలున్నాయి. మరచినప్పుడు ‘ఎగైన్’ మాత్రమే నొక్కాలని, ‘హార్డ్’ అనేది కష్టంగానైనా గుర్తుకు వచ్చినట్లే లెక్క అని ఆ సాఫ్ట్‌వేర్ మార్గదర్శిక చెబుతుంది. సగం గుర్తుండి సగం మరచిన స్థితికి మీట లేదు. అభ్యాసకుడు మొహమాటపడి ‘హార్డ్’ నొక్కితే, ఆ తప్పుడు సాక్ష్యం మీదనే సూత్రం తన సూక్ష్మమైన లెక్కను కడుతుంది. సూత్రం ఎంత నిశితమైనదైతే దానికి అందే సాక్ష్యం అంత శుద్ధంగా ఉండాలి. కంజి కార్డు అటువంటి సాక్ష్యాన్ని ఇవ్వగల ప్రశ్నను అడగడం లేదు.

ఇంగ్లీషు కీలకపదం

ఈ చిక్కును తప్పించుకోవడానికి ఒక ప్రసిద్ధ మార్గముంది. జేమ్స్ హైసిగ్ 1977లో తొలిసారి వెలువరించిన కంజి అభ్యాస గ్రంథం మొదటి సంపుటంలో ఉచ్చారణలను పూర్తిగా పక్కన పెట్టాడు. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ఇంగ్లీషు కీలకపదాన్ని కేటాయించి, అక్షర భాగాలతో ఒక కథ అల్లుకుని గుర్తుంచుకోమన్నాడు. 2011 నాటి ఆరవ కూర్పులో ఇలా 2200 అక్షరాలున్నాయి. ఆకృతులను విడగొట్టి చూడటం నేర్పడంలో ఈ పద్ధతి బలం కాదనలేనిది. గీతల గందరగోళంగా కనిపించేది కొద్దివారాల్లో తెలిసిన భాగాల కూర్పుగా కనిపించసాగుతుంది. అనేక యాప్‌ల కథలు, కీలకపదాలు ఈ ఆలోచనకే రుణపడి ఉన్నాయి.

ఇబ్బంది మధ్యవర్తి భాషతో వస్తుంది. తెలుగు మాతృభాషగా గల అభ్యాసకుడు ఇంగ్లీషు కార్డు ద్వారా కంజి నేర్చుకునేటప్పుడు, ఇంగ్లీషులో లేని భేదం అతనికి లేనిదిగానే అందుతుంది, అది తన భాషలో ఉన్నా సరే. బంధువాచకాలు ఇందుకు చక్కని ఉదాహరణ. జపాను భాషలో అన్నకు, తమ్మునికి, అక్కకు, చెల్లెలికి నాలుగు వేరువేరు కంజి అక్షరాలున్నాయి. ఇంగ్లీషు కార్డు వీటిని పెద్ద సోదరుడు, చిన్న సోదరుడు అనే తరహాలో రెండేసి మాటల వివరణగా చూపవలసి వస్తుంది. తెలుగులో ఒక్కొక్కటి ఒక్కొక్క మాటతో సరిపోతుంది. తండ్రికి గాని తల్లికి గాని అన్న అయినవారినీ, తమ్ముడైనవారినీ జపాను భాషలో ‘ఒజి’ అనే పలుకుతారు. కాని వయోభేదాన్ని బట్టి రెండు రకాలుగా రాస్తారు. ఇంగ్లీషు కార్డు మీద రెండూ ‘అంకుల్’. పెదనాన్న, బాబాయి అనే మాటలు నాలుకమీదనే ఉన్న తెలుగువానికి ఆ రాతలోని తర్కం తండ్రి వైపు మేరకు క్షణంలో అర్థమవుతుంది. అయితే తల్లి వైపున మేనమామను వేరుచేసే తెలుగు పద్ధతి జపాను భాషలో లేదు. అందువల్ల మాటకు మాట అతికిస్తే తెలుగు కార్డు కూడా మరోచోట తప్పుదారి పట్టిస్తుంది. తన అన్నను గురించి బయటివారితో చెప్పేటప్పుడు ‘అని’ అని, ఎదుటివారి అన్నను ‘ఒనీసన్’ అని వ్యవహరించే మర్యాద ఏ భాషలోని కీలకపదానికీ లొంగదు. దానికి కనీసం ఒక వాక్యం కావాలి.

జాబితాలు, గీతలు

యాప్‌లలో కంజి అక్షరాలను సాధారణంగా పాఠశాల తరగతుల ప్రకారమో, జపాను భాషా ప్రావీణ్య పరీక్ష స్థాయుల ప్రకారమో అమరుస్తారు. ఈ రెండు అమరికలూ విమర్శకు నిలవవు. జపాను ప్రాథమిక పాఠశాలలకు నిర్ణయించిన 1026 అక్షరాల జాబితా 2020 నుండి అమలులో ఉంది. పరిపాలనా మండలాల పేర్లలో వచ్చే 20 అక్షరాలు దానిలో కొత్తగా చేరాయి. ఆ జాబితా ‘మిజు’ అనే మాట ముందే తెలిసిన ఆరేళ్ల పిల్లల కోసం తయారైనది. వారికి కొత్తది ఆకృతి మాత్రమే. విదేశీ అభ్యాసకునికి మాటా కొత్తదే, ఆకృతీ కొత్తదే.

ప్రావీణ్య పరీక్ష విషయం ఇంకా సున్నితమైనది. 2010లో ఆ పరీక్ష ఐదు స్థాయులుగా మారిన నాటి నుండి ఏ స్థాయికి ఏ కంజి అక్షరాలు వస్తాయో నిర్వాహకులు జాబితా ప్రకటించడం లేదు. అయినా ‘ఎన్3 కంజి’ అనే శీర్షికలు యాప్‌లలో అధికారిక వర్గీకరణ అన్న ధీమాతో కనిపిస్తాయి. అంచనాను అంచనా అని చెప్పడానికి తెర మీద ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం లేకపోవడం సాంకేతిక లోపం కాదు.

వేలితో గీసి అభ్యసించే సదుపాయం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఉల్‌రిక్ ఆపెల్ ప్రారంభించిన కంజి వీజీ అనే ఉచిత దత్తాంశం వల్ల గీతల క్రమాన్ని చూపడం యాప్ నిర్మాతలకు సులభమైంది. నిత్యవ్యవహార కంజి జాబితా 2010 సవరణలో 196 అక్షరాలు చేరి, 5 తొలగి, 1945 నుండి 2136కు పెరిగింది. దిగులును సూచించే 29 గీతల ‘ఉత్సు’ అప్పుడే చేరింది. జాబితాలోని ప్రతి అక్షరాన్నీ చేతితో రాయగలగాలన్న నియమం లేదని కూడా ఆ సవరణ అంగీకరించింది. జపాను ప్రజలనే అడగని పనిని యాప్ విదేశీయునిచేత చేయించనక్కరలేదు. గీయడం నిజంగా ఉపకరించేది పోలిక గల అక్షరాల దగ్గర. మట్టిని సూచించే అక్షరానికి, యోధుని సూచించే అక్షరానికి గీతలు మూడే, వరుసా దిశా ఒకటే. మొదటిదానిలో కింది అడ్డగీత పొడవు, రెండవదానిలో పై అడ్డగీత పొడవు. వరుసను, దిశను మాత్రమే సరిచూసే యాప్ ఈ రెంటినీ ఒకే అక్షరంగా అంగీకరిస్తుంది.

కార్డుకు, కార్డుకు నడుమ

క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన చైనా నిఘంటువు అక్షరాలను ఆరు విధాలుగా వర్గీకరించింది. వాటిలో అత్యధికం ఒక భాగం అర్థాన్ని, మరో భాగం ధ్వనిని సూచించే కూర్పులు. జపాను కంజిలోనూ ఈ ఏర్పాటు బాగా నిలిచింది. నీలివర్ణాన్ని సూచించే అక్షరం ‘సే’ అనే ధ్వనిని ఇస్తుంది. దాని పక్కన నీటి గుర్తు చేరితే స్వచ్ఛత, సూర్యుని గుర్తు చేరితే నిర్మలాకాశం, మాట గుర్తు చేరితే అభ్యర్థన, బియ్యపు గుర్తు చేరితే శుద్ధి. నాలుగింటికీ చైనా మూలపు ఉచ్చారణ ‘సే’. ఈ కుటుంబాన్ని ఒకచోట చూసినవాడు నాలుగు ఉచ్చారణలను వేరువేరుగా వల్లె వేయనక్కరలేదు.

వేరువేరు కార్డులుగా నేర్చినవానికి ఇదే కుటుంబం ఉచ్చుగా మారుతుంది. స్వచ్ఛత, నిర్మలత, శుద్ధి అనే దగ్గరి అర్థాలు దగ్గరి ఆకృతులతో కలగలిసి, ఒకటి చూస్తే మరొకటి స్ఫురిస్తుంది. యాప్ లెక్కలో అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మరపులు. నీటి గుర్తున్నదానిని పదేపదే తప్పితే దాని వ్యవధి మాత్రమే తగ్గుతుంది. సూర్యుని గుర్తున్న కార్డు నెలల తరబడి దూరంగానే ఉండిపోతుంది. ఎనిమిదిసార్లు మరచిన కార్డుకు అంకి ‘జలగ’ అని ముద్ర వేస్తుంది. రక్తం పీల్చినట్లు కాలాన్ని పీల్చేస్తుందని ఆ పేరు. దోషం ఆ కార్డులో లేదు, దానికీ దాని పొరుగు కార్డుకూ నడుమ ఉంది. పొరుగున ఉన్న కార్డును పట్టించి, రెంటినీ ఒకే తెర మీద పక్కపక్కన నిలిపి, ‘వీటిలో నీరున్నది ఏది’ అని అడిగే ఏర్పాటు మీదనే తదుపరి వెర్షన్లు శ్రమ పెట్టవలసి ఉంది. అందుకు కావలసిన భాగాల వివరాలు కంజి వీజీ వంటి దత్తాంశాలలో ఇప్పటికే ఉన్నాయి. ఎవరు ఏ కార్డును ఎప్పుడు మరచిందీ అభ్యాస చరిత్రలో నమోదై ఉంది.