వాల్వు సెట్టుకు 4 ఓమ్స్ స్పీకర్

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే కోఠి గుజరాతీ గల్లీ ఎంతో దూరం కాదు. అక్కడ కొన్న కారు స్పీకర్‌ని ఇంట్లో దాచుకున్న పాత వాల్వు ఆంప్లిఫయర్‌కి తగిలిస్తే పాట వస్తుంది. కానీ బేస్ వదులుగా, గొంతు బొంగురుగా ఉంటుంది. వెంటనే వాల్వు పోయిందనుకుంటారు. ముందు స్పీకర్ వెనక అంకె చూడాలి. కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓమ్స్‌వి. 12 వోల్టుల బ్యాటరీతోనే తగినంత పవర్ రావాలి కాబట్టి ఓమ్స్ తగ్గించి చేస్తారు.

వాల్వు తీరు వేరు. వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. ఒక్క ఈఎల్84 వాల్వు పనిచేసే సెట్టులో ప్లేటుకు సుమారు 5,000 ఓమ్స్ లోడ్ కావాలి. స్పీకర్‌కూ ప్లేటుకూ మధ్య ఈ దూరాన్ని కలిపేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. నా దృష్టిలో సెట్టు మొత్తంలో విలువైన వస్తువు అదే. స్పీకర్ వైపు ఒక చుట్టుకు ప్లేటు వైపు 25 చుట్లుంటే, ఓమ్స్ 25 రెట్లు కాదు, 25 ఇంటూ 25, అంటే 625 రెట్లు పెరుగుతాయి. 8 ఓమ్స్ స్పీకర్ వాల్వుకు 5,000గా కనిపిస్తుంది. అదే చోట 4 ఓమ్స్‌ది పెడితే 2,500 అవుతుంది. లోడ్ సగమైతే పవర్ తగ్గుతుంది, వక్రత పెరుగుతుంది, కోన్ మీద ఆంప్లిఫయర్ పట్టు సడలుతుంది.

ఆంప్లిఫయర్ వెనక 4 ఓమ్స్ ట్యాప్ ఉంటే వైరు అక్కడికి మార్చడమే మందు. లేకపోతే కొందరు స్పీకర్‌తో వరసలో 4 ఓమ్స్ రెసిస్టర్ పెడతారు. లెక్క సరిపోతుంది కానీ సగం పవర్ వేడిగా పోతుంది, కోన్ మీద పట్టు ఇంకా జారుతుంది. నేను ఒప్పుకోను. ఒకేరకం 4 ఓమ్స్ స్పీకర్లు రెండింటిని సిరీస్‌లో కలిపితే 8 అవుతుంది, ఏదీ వృథా పోదు.

మైక్ సెట్ల వాళ్లకు ఈ విద్య బాగా తెలుసు. 16 ఓమ్స్ హారన్లు నాలుగింటిని ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్ అవుతాయి. పందిరి నుంచి వీధి చివరిదాకా లాగిన వైరుకే 2 ఓమ్స్ ఉంటే, పవర్‌లో మూడోవంతు వైరే మింగుతుంది. అందుకే 100 వోల్టుల లైను, ప్రతి హారన్ దగ్గరా ఓ లైన్ ట్రాన్స్‌ఫార్మర్. 20 వాట్ల ట్యాప్ లైనుకు 500 ఓమ్స్‌గా కనిపిస్తుంది, వైరు నిరోధం లెక్కలోకే రాదు.

స్పీకర్ మీది అంకె కూడా నికరం కాదు. శబ్దం ఫ్రీక్వెన్సీ మారేకొద్దీ ఓమ్స్ మారుతుంటాయి. 4 ఓమ్స్‌ది మల్టీమీటర్‌లో మూడు చిల్లర చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు. కొన్ని స్పీకర్లు రెండు ట్యాపుల మీదా వినాల్సిందే.

ట్యాపు మార్చేటప్పుడు మాత్రం సెట్టు ఆపి ఉండాలి. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కి షార్ట్ ఎంత ప్రమాదమో, వాల్వు సెట్టుకు స్పీకర్ లేకుండా పెద్ద శబ్దంతో నడపడం అంత ప్రమాదం. ప్లేటు వైపు వోల్టేజీ ఎగదన్ని ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చీలిపోవచ్చు.