దళిత నుంచి దండోరా దాకా: పేరు, ఉద్యమం, చట్టం

సామాజికోద్యమాల రాజకీయ ప్రభావాన్ని మన విమర్శ తరచుగా ఓట్ల లెక్కతో కొలుస్తున్నది. ప్రత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాల అనుభవం మరో కొలమానాన్ని సూచిస్తుంది. ఇక్కడ ఉద్యమాలు ముందుగా మార్చినవి పేర్లను.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. బాధితులు ఊరు విడిచి చీరాలలో శిబిరం ఏర్పరచుకున్నారు. ఆ పోరాటం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ప్రభృతుల నాయకత్వంలో దళిత మహాసభ రూపొందింది. ‘హరిజన’ అన్న దయాపూర్వక పదాన్ని తోసివేసి ‘దళిత’ అన్న పదం తెలుగు ప్రజాజీవితంలో స్థిరపడింది. ‘చిక్కనవుతున్న పాట’ (1995) సంకలనం ఆ పదాన్ని కవిత్వ విభాగంగా నిలబెట్టింది.

అదే ప్రకాశం జిల్లాలోని ఈదుముడిలో 1994 జులై 7న మాదిగ దండోరా ప్రారంభమైంది. ఒకప్పుడు ఊరిపెద్దల ఆజ్ఞను చాటిన డప్పు ఇప్పుడు తన వాటాను అడిగింది. తిట్టుగా వాడిన కులనామాన్ని కార్యకర్తలు సగర్వంగా తమ పేర్ల చివర చేర్చుకున్నారు. ఎండ్లూరి సుధాకర్ దీర్ఘకవిత ‘వర్గీకరణీయం’ (2004) శీర్షికలోనే ఈ వ్యూహం కనిపిస్తుంది. ప్రభుత్వ పరిభాషకు చెందిన ‘వర్గీకరణ’కు ‘కిరాతార్జునీయం’ వంటి కావ్యనామాల ప్రత్యయం తగిలించడం ద్వారా కవి రిజర్వేషన్ల వాటాను కావ్యవస్తువుగా ప్రకటించాడు.

దండోరాను దళిత ఐక్యతకు చీలికగా చూసే వాదం ఉన్నది. ఉమ్మడి బలం తగ్గుతుందన్న ఆ భయాన్ని తేలికగా కొట్టివేయలేము. అయితే అందరినీ కలిపిన పేరు లోపలి అసమానతను కప్పినప్పుడు దానిని ప్రశ్నించడం కూడా ప్రజాస్వామ్య క్రియే. ‘నల్లపొద్దు’ (2003) సంకలనం దళిత స్త్రీల రచనలను విడిగా ముందుంచడంలోనూ ఇదే తర్కం ఉంది.

ఈ ఉద్యమం సొంత పార్టీతో అధికారంలోకి రాలేదు. కాని దాని కోరిక నిర్దిష్టమైనది, రాజ్యాంగ పరిభాషలో చెప్పదగినది. అందువల్ల ఏ పార్టీ కూడా దాని గురించి మౌనంగా ఉండలేకపోయింది. 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణను సమర్థించింది.

అయినా చట్టమే గమ్యం కాదు. 1991 నాటి చుండూరు హత్యల కేసులో ప్రత్యేక కోర్టు 2007లో విధించిన శిక్షలను 2014లో హైకోర్టు రద్దు చేసింది. బలహీన ప్రజాస్వామ్యంలో సాధించినది చేజారవచ్చునని ఇది హెచ్చరిస్తుంది. కాబట్టి దళిత సాహిత్య విమర్శ తీర్పులతో ఆగక, ఆ పేర్లు ఊరి చెరువుగట్టు మీద, పొలంలో, పంచాయతీ గదిలో ఏ మేరకు మాట చెల్లించుకుంటున్నాయో పరిశీలించాలి. ఉద్యమ ప్రభావానికి అసలు కొలమానం అదే.