గండికి గడి లేదు

మెషీన్ లెర్నింగ్ నమూనా ఎందుకలా జోస్యం చెప్పిందో బొమ్మ గీసి చూపించే పద్ధతుల్లో ఇప్పుడు బాగా చెలామణీలో ఉన్నది షాప్. స్కాట్ లండ్‌బర్గ్, సు-ఇన్ లీ 2017లో తెచ్చారు. మూలం మాత్రం 1953 నాటి లాయిడ్ షాప్లీ లెక్క: నలుగురు కలిసి సంపాదించినదాంట్లో ఎవరి వాటా ఎంత? ఇక్కడ పంచేది డబ్బు బదులు జోస్యం, అంతే.

బొమ్మ అందంగా ఉంటుంది. ఒక్కో వరస ఒక్కో అంశం, ఒక్కో చుక్క ఒక్కో సందర్భం. చుక్క కుడికి జరిగితే ఆ అంశం అంచనాని పెంచినట్టు, ఎడమకి జరిగితే తగ్గించినట్టు. ఎరుపంటే ఆ అంశం విలువ ఎక్కువ, నీలమంటే తక్కువ. సగటు లెక్కల్లో మాయమైపోయే ఒంటరి సందర్భం ఇందులో గుంపుకి దూరంగా నిలబడి కనిపిస్తుంది. ఈ బొమ్మ మీద నాకున్న గౌరవమంతా ఆ ఒంటరి చుక్క వల్లే.

దీన్ని ఒకసారి కొండపల్లికి తెచ్చి చూద్దాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకి ఇక్కడి శాంతినగర్ దగ్గర గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ కాలువ వెళ్లి కలవాల్సిన కృష్ణేమో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో పరవళ్లు తొక్కుతోంది.

బుడమేరు ముంపుని ముందే చెప్పే నమూనా ఒకటి కట్టారనుకోండి. వాన, నేల ఎత్తు, వాలు, మట్టి రకం, కృష్ణలో నీటిమట్టం ఇచ్చారు. షాప్ బొమ్మ గీశారు. రంగు దగ్గరే పేచీ మొదలవుతుంది. నేల ఎత్తు అన్న వరసలో పల్లపు పేటలన్నీ నీలం చుక్కలై కుడి చివర, అంటే ప్రమాదం వైపు, కూర్చుంటాయి. వరద హెచ్చరికల్లో ఎరుపంటే ఇల్లు ఖాళీ చెయ్యమని. మన కళ్లు అలాగే అలవాటు పడ్డాయి. హడావుడిలో అర నిమిషం చూసే అధికారికి పల్లపు పేట నీలంగా, చల్లగా కనిపిస్తుంది. గీసినవాళ్లు అబద్ధమాడలేదు. రంగుల అర్థం పక్కన చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

వాటాల పంపకం ఇంకో తగువు. మైలవరంలో గట్టి వాన పడిన రోజు పక్కనున్న జి.కొండూరులోనూ తరచు పడుతుంది. ఇలా జంటగా నడిచే అంశాల మధ్య పంపకం ఏదో ఒక నియమాన్ని నమ్ముకుని చెయ్యాల్సిందే. నియమం మారిస్తే వరసల క్రమమే మారొచ్చు. బొమ్మలో ఆ అతుకు కనపడదు. కొండపల్లి బొమ్మకి చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులేస్తారు. అక్కడ అతుకు దాచడం పనితనం.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేనిది గండి విషయంలో. వాటా పంచాలంటే మనిషి ముందు జాబితాలో ఉండాలి కదా. కట్ట ఏ చోట బలహీనపడిందో, కాలువలో పూడిక ఎంతో, వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఏ గంటకి ఎత్తారో, వీటికి పట్టికలో గడి లేకపోతే బొమ్మలో చుక్క ఉండదు. పైగా గేట్లు ఎత్తేదీ కట్ట తెగేదీ పెద్ద వాన రోజునే కాబట్టి వాటి వాటా చాలావరకు వాన ఖాతాలోకి పోతుంది. వాన వరస పైకెక్కి ఎర్రగా మెరుస్తుంది. వాన మీద ఎవరూ విచారణ సంఘం వెయ్యరు.

షాప్ చెప్పేది నమూనా మనసులో మాట. వరద మాట కాదు. సాంకేతికంగా ఈ తేడా అందరికీ తెలుసు, బొమ్మ చూసే క్షణంలో ఎవరికీ గుర్తుండదు. అందుకే అడుగుతున్నా: ఆ బొమ్మ అడుగున నాలుగు ఖాళీ వరసలు గీయండి. కట్ట, పూడిక, గేట్లు, ఆక్రమణలు. చుక్కలు పెట్టొద్దు, పేర్లు రాస్తే చాలు. ఆ రాత్రి బొమ్మ ముందు కూర్చున్నవాళ్లెవరైనా ఆ ఖాళీ చూసి వెలగలేరుకి ఒక ఫోన్ చెయ్యొచ్చు.