ఇషాపూర్ రైఫిలు ఎవరు కొంటారు?

శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరెళ్ళినా రిటైరైన హవల్దారో సుబేదారో ఒకరు తగలకుండా ఉండరు. అరుగు మీద కూర్చుని రైఫిలు గురించి ఒక్క మాట కదిపితే చాలు, టీ చల్లారిపోతుంది. బ్యారెల్‌లోకి ఫుల్‌త్రూ తాడు తుడవడానికి ఎలా వదలాలో, దాని కొసనున్న కంతలో చిండీ గుడ్డ ఎంత ముక్క దోపాలో, ఒక్క లాగున బయటికి రాకపోతే శిక్షణ ఇచ్చే ఉస్తాదు ఏమని తిట్టేవాడో చేతుల్తో చూపించి మరీ చెబుతారు. వాళ్ళలో పాతవాళ్ళు మోసింది త్రీనాట్‌త్రీ. తరవాతివాళ్ళు ఎస్సెల్లార్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిలు. ఆ రెంటికీ మధ్య పుట్టిన రైఫిలు ఒకటుంది. దాని పేరు చెబితే ఇక్కడ చాలామంది ‘అదేటి?’ అంటారు. అమెరికాలో పాత సైనిక రైఫిళ్ళు పోగేసేవాళ్ళు మాత్రం ఇట్టే గుర్తుపడతారు. ఇషాపూర్ 2ఏ1.

ఇషాపూర్ అంటే ఒడిశా సరిహద్దున ఉన్న మన ఇచ్ఛాపురం కాదు. కోల్‌కతాకి ఎగువన, హుగ్లీ ఒడ్డున, రైఫిల్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలోనే అక్కడ త్రీనాట్‌త్రీ తూటా కాల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళ తయారీ మొదలైంది. 1962లో చైనాతో యుద్ధం జరిగేనాటికి మన జవాన్ల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా అవే. 7.62 మిల్లీమీటర్ల తూటా కాల్చే ఎస్సెల్లార్‌కి మారాలని నిర్ణయమైతే జరిగింది గానీ, అంత పెద్ద సైన్యానికి చాలినన్ని ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకని ఇషాపూర్‌వాళ్ళు చేతికి అలవాటైన పాత నమూనానే తీసుకుని, కొత్త తూటా ఒత్తిడికి తట్టుకునే మెరుగైన ఉక్కుతో మళ్ళీ చేశారు. మొదట 2ఏ వచ్చింది. తరవాత గురి పలక మీది దూరాన్ని 800 మీటర్లకి తగ్గించి 2ఏ1 చేశారు. పాత త్రీనాట్‌త్రీకి బ్యారెల్ మార్చి అతికించిన సరుకని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. అది పొరపాటు, మొదటి మర నుంచీ కొత్తగా చేసిందే. పక్కనుంచి చూస్తే పలకలుగా, పెట్టెలా ఉండే 12 తూటాల మ్యాగజైను దాని ఆనవాలు.

సైన్యానికి అక్కర తీరాక వీటిలో చాలానే ఓడలెక్కి అమెరికా చేరాయి. సర్‌ప్లస్ దుకాణాల్లో చవగ్గా అమ్ముడుపోయాయి. మరి ఈ రైఫిలు పుట్టిన దేశంలో ఉన్నవాడు కొనుక్కోవాలంటే?

కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమాల ప్రకారం .303, 7.62 బోర్లు నిషిద్ధం. ఆ సర్వీసు తూటాలు పట్టే బోరు ఏదైనా నిషిద్ధమే. కలెక్టరు ఇచ్చే లైసెన్సు వీటికి పనికిరాదు, కేంద్రం దాకా వెళ్ళాల్సిందే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు. అలా పక్కన పెట్టిన రైఫిళ్ళని దుకాణంలో వరసగా నిలబెట్టి, వచ్చినవాడికి చూపించి అమ్మే పద్ధతి మన దగ్గర లేదు. 2019 సవరణ తరవాత లైసెన్సున్నవాడికైనా రెండు తుపాకులే. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే వాటినీ పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోమంటారు.

ఇలాంటి కట్టడి చూసి విసుక్కునేవాళ్ళు ఉంటారు. ఈ ప్రాంతానికి దాన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. బొబ్బిలి కోట మీద 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఏం చేశాయో ఇక్కడ పిల్లలకి బుర్రకథల్లోనే తెలుస్తుంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం రాజుకుంది ఆ సంఘటనతోనే. ఆ తరవాత ఏజెన్సీ కొండల్లో నాటు తుపాకులు ఒక పక్క, పోలీసు రైఫిళ్ళు ఒక పక్క. తుపాకీ ఉన్న ఇల్లంటే ఎవరి ఇల్లో, ఎందుకుందో ఊరంతటికీ తెలిసిన చోటు ఇది. సెలవు రోజున రేంజికెళ్ళి సరదాగా నాలుగు రౌండ్లు కాల్చుకోవడం అనే మాట ఈ నేల మీద అంత సులువుగా మొలవదు.

అయినా లీ-ఎన్‌ఫీల్డ్ వంశం ఇక్కడ పూర్తిగా దొరకదని కాదు. సర్కారు తూటా జనం చేతికి పోకూడదని బ్రిటిషువాళ్ళు .303ని కట్టడి చేసినప్పుడు, అదే బోల్టు అమరికకి వేరే తూటా పెట్టి .315 స్పోర్టింగ్ రైఫిల్ తెచ్చారు. ఆ తూటా అసలుది ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్‌లికర్. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు .315 చేస్తూనే వచ్చాయి. కలెక్టరు లైసెన్సు మీద దొరుకుతుంది, బోల్టు లాగితే అదే మోత. విజయనగరంలోనో పార్వతీపురంలోనో ఎవరి దగ్గరైనా పాత .315 ఉంటే, దాని యజమానికి తెలిసినా తెలియకపోయినా, సైన్యం రైఫిలుకి సవతి తమ్ముణ్ణి ఇంట్లో పెట్టుకున్నట్టే. 1972 వన్యప్రాణి చట్టంతో వేటకి అడ్డుకట్ట పడింది కాబట్టి చాలావరకు బీరువా దాటదు.

ఈ కాలమ్ రాసే మనిషికి రైఫిలుతో పరిచయం ఎన్‌సీసీ క్యాంపులో మొదలై దాదాపు అక్కడే ఆగింది. డ్రిల్లుకి ఇచ్చేది కాల్చడానికి వీల్లేకుండా చేసిన త్రీనాట్‌త్రీ. కాల్పించేది పాయింట్ టూటూ. బోర్లా పడుకుని, ఇసక బస్తా మీద ముంజేయి ఆనించి, శిస్తు తీసుకుని ఐదు రౌండ్లు. అంతే. కానీ ఆ డ్రిల్లు రైఫిలు బోల్టు ఆడించినవాడికి ఒక సంగతి చేతికే తెలిసిపోతుంది. స్ప్రింగు బిగిసేది బోల్టు ఎత్తేటప్పుడు కాదు, ముందుకి తోసేటప్పుడు. మిగతా చాలా దేశాల రైఫిళ్ళలో ఇది తిరగేసి ఉంటుంది. ఈ అలవాటున్న చెయ్యి ఇంకో రైఫిలు పట్టుకుంటే కాసేపు తికమక పడుతుంది.

ఇక్కడ సైనిక రైఫిలు కొనడం కుదరదు కాబట్టి ఎంపిక చేసుకునే అవకాశం నిజంగా ఉన్నది డాలసులోనో అట్లాంటాలోనో స్థిరపడిన మన జిల్లావాడికి. అక్కడా ముందు వీసా చూసుకోవాలి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాడు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగుతుంది. యాభై ఏళ్ళు దాటిన రైఫిళ్ళు పోగేసేవాళ్ళకి కలెక్టర్ లైసెన్సు (జిల్లా కలెక్టరుది కాదు) అని వేరే ఉంది, అది తీసుకుంటే పాత సరుకు నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం కనుక ఉన్న చోటి చట్టం విడిగా చదవాలి. కొన్నది తిరిగొచ్చేటప్పుడు సోంపేటకి తెచ్చుకుందామనే ఆశ మాత్రం వద్దు. ఇక్కడ దాని బోరు నిషిద్ధం.

ఇక ఏది కొనాలి? అరుదైనది కావాలనుకునేవాడు సాధారణంగా రైఫిలు అందం చూసి మొదలుపెడతాడు. తూటా నుంచి మొదలుపెట్టాలని ఈ కాలమ్ వాదన. గోడకి తగిలించుకోడానికైతే ఏదైనా సరే. కాల్చడానికైతే ఐదేళ్ళ తరవాత కూడా తూటా దొరకాలి కదా.

నేపాల్‌లో తయారైన గహేంద్ర రైఫిలునే చూడండి. అక్కడ రాణాలు ఏలిన కాలంలో గహేంద్ర శంషేర్ పేరు మీద వచ్చింది, చూడ్డానికి మార్టినీ-హెన్రీలా ఉంటుంది. ఖాట్మండులోని పాత ఆయుధాగారం సరుకు 2003లో ఒక అమెరికా కంపెనీ మొత్తంగా కొనుక్కుపోయింది, అప్పుడు ఇవి బయటికొచ్చాయి. చేత్తో చేసినవి కాబట్టి ఒకదాని భాగం ఇంకోదానికి పట్టదు. ఏ పెళ్ళి గాజులు ఆ చేతికే అన్నట్టు. కథ గొప్పది, ఉక్కు నమ్మకం లేదు. దాన్ని కాల్చొద్దనే తెలిసినవాళ్ళు చెబుతారు.

ఇషాపూర్‌వాళ్ళే పోలీసుల కోసం, జైలు గార్డుల కోసం చేసిన .410 మస్కెట్ ఇంకో వింత. లీ-ఎన్‌ఫీల్డ్‌నే లోపల గాళ్ళు లేకుండా నున్నగా చేసి, మ్యాగజైను చోట చెక్క దిమ్మ బిగించి ఒంటి తూటా తుపాకీగా మార్చారు. ఒకవేళ ఎవరైనా లాక్కుపోయినా సైనిక తూటా అందులో పనికిరాకూడదన్నది ఆలోచన. దుకాణంలో దొరికే మామూలు .410 షెల్ కూడా అందులో పట్టదు, తూటా కూర్చునే గదిని కోరి పెద్దది చేయించాలి. ఇదీ ముచ్చటకే.

స్విట్జర్లాండు కే31 అయితే కాల్చడానికి మహా నిఖార్సయినది. బోల్టు తిప్పక్కర్లేదు, సూటిగా వెనక్కి లాగితే చాలు. మడమ దగ్గరి ఇనప పలక విప్పితే దాన్ని వాడిన సైనికుడి పేరు చీటీ కొన్నిట్లో కనబడుతుంది. గురి విషయంలో 2ఏ1 దానికి సాటిరాదని ఒప్పుకోవలసిందే. శ్రీకాకుళంవాడికి దాంతో ఏ చుట్టరికమూ లేకపోవడమే లోటు. చిన్నప్పుడు బ్యాంకు గుమ్మంలో గార్డు చేతిలోనో, స్టేషన్లో సెంట్రీ భుజానో చూసిన ఆకారం వేరు.

2ఏ1 తూటా సంగతికొస్తే 7.62 నాటో ఇప్పటికీ ప్రపంచమంతా తయారవుతోంది. చిక్కల్లా దాని కవల .308 విన్‌చెస్టర్‌తోనే. బయటి కొలతలు దాదాపు ఒకటే. సైనిక గది కాస్త పొడుగు, సైనిక తూటా గొట్టం కాస్త మందం. ఒత్తిడి అంకెలు రెండు రకాల కొలమానాల్లో చలామణి కావడంతో ఏది ఎక్కువో అనే గొడవ తెగలేదు. ఈ రైఫిలు నాటో తూటాకి చేసింది కనుక అదే వాడటం మంచిది.

చూసి కొనేటప్పుడు మొదట బోల్టు పిడి వెనక నంబరు, బ్యారెల్ మొదట్లో ఉండే నంబరు ఒకటేనా అని చూడాలి. తేడా ఉంటే ఎవరో కలగలిపారన్నమాట. అప్పుడు హెడ్‌స్పేస్ గేజితో పరీక్షించకుండా డబ్బివ్వకూడదు. గదిలో తూటా ముందుకి పోకుండా ఆగే చోటికీ బోల్టు ముఖానికీ మధ్య ఉండే దూరం అది, ఎక్కువైతే గొట్టం చీలుతుంది. నల్లరంగు పూత చూసి భయపడక్కర్లేదు, చాలా 2ఏ1లకి ఫ్యాక్టరీ పూతగానే నల్ల పెయింటు ఉంటుంది. ముందు చెక్కకి అడ్డంగా ఒక స్క్రూ కనబడితే అదీ మరమ్మతు లోపం కాదు, ఎండకీ వానకీ చెక్క చీలకుండా ఇషాపూర్‌లో వేసిన బిగింపు.

ఆ తరవాత మూతి. ఫుల్‌త్రూ తాడుని వంకరగా లాగీలాగీ బ్యారెల్ మూతి ఒక పక్కకి అరిగిపోయిన లీ-ఎన్‌ఫీల్డ్‌లు కోకొల్లలు. అక్కడ గుండ్రం చెడితే గుండు బయటపడే క్షణంలోనే గురి తప్పుతుంది. తాడు తిన్నగా లాగమని ఉస్తాదులు అన్నేసి తిట్లు తిట్టింది ఊరికే కాదు. నాటో తూటా ఒకటి తిరగేసి దాని గుండుని మూతిలో పెట్టి చూస్తే అంచనా తెలుస్తుంది. ఇత్తడి గొట్టం మొదట్లోనే ఆనితే అరుగుదల ఎక్కువ.

కొన్నాక తొలిసారి కాల్చేటప్పుడు మ్యాగజైను నింపొద్దు. ఒక్క తూటా పెట్టి కాల్చి, ఖాళీ గొట్టాన్ని వెలుతురులో పట్టుకుని చూడాలి. అడుగుకి కాస్త పైన మెరిసే గీత చుట్టూ తిరిగి ఉంటే రెండోది కాల్చకుండా రైఫిల్ని గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళాలి. గీత లేకపోతే మిగతా తూటాలు మొదలుపెట్టొచ్చు. వాడింది పాత సైనిక తూటా అయితే, ఇంటికొచ్చాక బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పోసి ఆరబెట్టి నూనె రాయాలి. తూటా అడుగునుండే ప్రైమరు మండాక మిగిలే, తుప్పు పట్టించే ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది.